పాఠం 14: పేరు పట్టేంత పెట్టె - సి భాషలో స్ట్రింగులను భద్రంగా నకలు చేయడం

గత పాఠంలో మీరు సి భాషలో అర్రేలను గురించి చదివారు. ఒకే రకం గడులు వరుసగా ఉంటే దానిని అర్రే అంటామని, ఆ వరుసలో మొదటి గడి సంఖ్య 0 అని మీకు తెలుసు. ఈ పాఠంలో ఆ గడులలో పేర్లు రాస్తాము. ఒక చోట ఉన్న పేరును మరొక చోటికి నకలు చేయడం చూడటానికి చాలా చిన్న పని. అయినా కంప్యూటర్ల చరిత్రలో ఎక్కువ నష్టం కలిగించిన పనులలో ఇది ఒకటి.

ఈ పాఠం చదివిన తరువాత, ఒక తెలుగు పేరు ఎన్ని బైట్లు తీసుకుంటుందో మీరు కాగితం మీద లెక్క కట్టగలుగుతారు. పెట్టె చిన్నదైతే ఏమవుతుందో చెప్పగలుగుతారు. నకలు చేసే ఫంక్షన్లలో దేనిని ఎప్పుడు వాడాలో నిర్ణయించుకోగలుగుతారు.

ఒక సూచన. ఈ పాఠంలో ఫంక్షన్ల పేర్లను మనం పలికే తీరులో తెలుగులోనే రాశాము. కంప్యూటర్ మీద టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో రాయాలి. మీకు కంప్యూటర్ అందుబాటులో లేకపోయినా ఫరవాలేదు. గళ్ళ కాగితం, పెన్సిలు ఉంటే ఈ పాఠం మొత్తం చేయవచ్చు.

14.1 ఉదాహరణ: ఒక షెడ్డులోని కూలి పట్టీ

సూరత్ నగరంలో పవర్‌లూమ్‌ల మీద పనిచేయడానికి తెలంగాణ జిల్లాల నుండి ఎన్నో నేత కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో మీకు తెలుగు మాటలు వినిపిస్తాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడిపింది. మగ్గం మీద పనిచేసేవారికి చాలా చోట్ల కూలి మీటర్ల లెక్కన వస్తుంది. ఎన్ని మీటర్లు నేశారో రాసిన పట్టీయే వారి సంపాదనకు ఆధారం.

అటువంటి ఒక షెడ్డులో కూలి పట్టీని కంప్యూటర్‌లో ఉంచారనుకోండి. (షెడ్డు, పేర్లు మనం కల్పించుకున్నవి.) ఒక్కొక్క కార్మికునికి 32 బైట్ల స్థలం ఇచ్చారు. మొదటి 24 బైట్లలో పేరు, తరువాతి 4 బైట్లలో నేసిన మీటర్లు, చివరి 4 బైట్లలో రావలసిన కూలి ఉంటాయి. ఒకరి స్థలం ముగియగానే మరొకరిది మొదలవుతుంది. వీటి మధ్య గోడ ఏమీ లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. 24వ గడి దాటితే అది పేరు స్థలం కాదని మనకు తెలుసు గాని, మెమరీకి తెలియదు.

14.2 స్ట్రింగ్ ఎక్కడ ముగుస్తుంది?

సి భాషలో స్ట్రింగ్ అంటే వరుసగా ఉన్న బైట్లు, వాటి చివర 0 విలువ గల ఒక బైటు. ఆ చివరి బైటును మనం ముగింపు గుర్తు అందాము. స్ట్రింగ్ పొడవు ఎంతో విడిగా ఎక్కడా రాసి ఉండదు. మొదటి నుండి చదువుకుంటూ పోయి 0 కనబడగానే ఆగడమే పద్ధతి. డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఈ భాషను రూపొందించినపుడు ఇది ఎంతో పొదుపైన ఏర్పాటు. దీని మూల్యం తరువాతి తరాలు చెల్లించాయి.

ఇక తెలుగు సంగతి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్క బైటు సరిపోయేది. నేడు వాడుకలో ఉన్న యూనికోడ్‌ను యూటీఎఫ్-8 రూపంలో రాస్తే ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు కావాలి. ‘సూరత్’ అనే మాట ఇలా ఉంటుంది:

స : 224 176 184
కొమ్ము దీర్ఘం : 224 177 130
ర : 224 176 176
త : 224 176 164
పొల్లు : 224 177 141
ముగింపు గుర్తు : 0

కంటికి మూడే అక్షరాలు. మెమరీలో 5 గుర్తులు, 15 బైట్లు, ముగింపు గుర్తుతో 16. పై అంకెలలో ఒక క్రమం ఉంది, గమనించారా? ప్రతి గుర్తు 224తో మొదలవుతుంది. రెండో బైటు 176 లేదా 177. రెండో బైటు, మూడో బైటు ఎప్పుడూ 128కీ 191కీ మధ్యనే ఉంటాయి. ఇది మనకు 14.5లో పనికివస్తుంది.

ఇప్పుడు ‘లక్ష్మీనారాయణ’ను లెక్కించండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం, న, దీర్ఘం, ర, దీర్ఘం, య, ణ. మొత్తం 13 గుర్తులు, 39 బైట్లు, ముగింపుతో 40. ఇస్కీలో అయితే 14 బైట్లలో సరిపోయేది. ఇంగ్లీషు అక్షరాలలో రాసినా 16 చాలు. కనుక 24 బైట్ల పెట్టెను నిర్ణయించినవారు తెలివితక్కువవారు కారు. వారి కాలానికి అది సరైన కొలతే. రాత పద్ధతి మారినా పెట్టె మారలేదు.

పాఠంలోని ప్రశ్నలు 14.1
1. ‘రాజేశం’ అనే పేరును యూటీఎఫ్-8లో దాచడానికి ముగింపు గుర్తుతో కలిపి ఎన్ని బైట్లు కావాలి?
2. 15 బైట్ల పెట్టెలో ‘సూరత్’ పడుతుందా?

14.3 కొలత అడగని ఫంక్షన్

స్ట్రింగును నకలు చేయడానికి సి భాషతో పాటు వచ్చిన ఫంక్షన్‌ను ఎస్, టి, ఆర్, సి, పి, వై అనే ఆరు అక్షరాలతో రాస్తారు. దానిని ‘స్టర్‌కాపీ’ అందాము. దానికి మీరు రెండే చెబుతారు: ఎక్కడికి, ఎక్కడి నుండి. అది మూలంలోని బైట్లను ఒక్కొక్కటిగా తీసుకుని గమ్యంలో పెడుతూ, 0 వచ్చేదాకా పోయి, ఆ 0ను కూడా పెట్టి ఆగుతుంది. గమ్యంలో ఎన్ని గడులున్నాయని అది అడగదు. అడిగే వీలే దానికి లేదు.

మన పట్టీలో ‘లక్ష్మీనారాయణ’ పేరును స్టర్‌కాపీతో రాస్తే, 24 గడుల పెట్టెలోకి 40 బైట్లు వస్తాయి. అదనపు 16లో మొదటి నాలుగు మీటర్ల మీద, తరువాతి నాలుగు కూలి మీద పడతాయి. మిగిలిన ఎనిమిది, పట్టీలో తరువాతి వ్యక్తి అయిన రాజేశం పేరు మీద పడతాయి. అప్పుడు రాజేశం పేరు అడిగితే, ఒక విరిగిన బైటు, దాని వెనుక ‘యణ’ అనే అక్షరాలు వస్తాయి. లక్ష్మీనారాయణ నేసిన మీటర్లు సాధారణ పీసీలో -52,43,73,792 అని కనిపిస్తాయి. ఈ తప్పు ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. గుమాస్తా పని ఆపి ఎవరినో పిలుస్తాడు.

తెలియని తప్పును చూడండి. ‘వెంకటేశం’ అనే పేరులో వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, సున్న కలిపి 8 గుర్తులు. అంటే 24 బైట్లు, ముగింపుతో 25. గుమాస్తా మొదట చివరి సున్న మరచి ‘వెంకటేశ’ అని ఎక్కించాడు. అది ముగింపుతో 22 బైట్లు కనుక సరిగా పట్టింది. వెంకటేశం 300 మీటర్లు నేసినట్లు కూడా నమోదైంది. తరువాత ఎవరో చెప్పగా గుమాస్తా పేరును సరిదిద్దాడు. ఇప్పుడు 24 బైట్లూ పెట్టెలో పట్టాయి. ముగింపు గుర్తుకు మాత్రం చోటు లేదు. అది పక్క గడిలోకి, అంటే మీటర్ల మొదటి బైటులోకి వెళ్ళింది.

సాధారణ పీసీలలో సంఖ్యలోని చిన్న భాగం ముందు గడిలో ఉంటుంది. 300 అంటే ఒక 256, మరొక 44. కనుక నాలుగు గడులలో 44, 1, 0, 0 అని ఉంటుంది. మొదటి గడిలో 44 పోయి 0 వచ్చింది. మిగిలినవి 0, 1, 0, 0. అంటే 256.

పేరు చూస్తే ఇప్పుడు అక్షరం తప్పు లేదు. మీటర్లు చూస్తే 256, నమ్మదగిన అంకె. యంత్రం ఆగలేదు, హెచ్చరిక రాలేదు. వెంకటేశానికి 44 మీటర్ల కూలి పోయింది. తాను 300 నేశానని అతడు చెప్పినా, కంప్యూటర్ తప్పు చెప్పదు కదా అనేవారే ఎక్కువ. ఒక్క బైటు దాటడాన్ని చిన్న తప్పుగా చూడకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణను ఇంత విపులంగా రాశాము.

మరొక విషయం. పైన చెప్పినట్లే జరిగి తీరుతుందని సి భాష హామీ ఇవ్వదు. పెట్టె దాటి రాస్తే ఏమైనా కావచ్చునన్నదే దాని నియమం. కొన్ని కంపైలర్లు ఇటువంటి చోట ప్రోగ్రామును వెంటనే ఆపివేస్తాయి. అది మేలే.

14.4 దాటిన బైట్లను ఎవరైనా కావాలని పంపితే?

ఇంతవరకు పొరపాట్లను చూశాము. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము ఇంటర్నెట్‌లోని వేలాది యంత్రాలకు పాకింది. అది వాడుకున్న దారులలో ఒకటి, ఫింగర్ అనే సేవను నడిపే ప్రోగ్రాములో ఉంది. ఆ ప్రోగ్రాము వచ్చిన వరుసను 512 బైట్ల పెట్టెలోకి చదువుకునేది. చదవడానికి వాడినది ‘గెట్స్’ అనే ఫంక్షన్. స్టర్‌కాపీ లాగానే అది కూడా పెట్టె కొలత అడగదు. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపింది. దాటిన బైట్లు, ఫంక్షన్ ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలో రాసి ఉంచిన చోటు మీద పడ్డాయి. దానితో యంత్రం, పంపినవాడు చెప్పిన చోటికి వెళ్ళి అతడు రాసిన ఆజ్ఞలను అమలు చేసింది.

గెట్స్‌ను 2011 సి ప్రమాణం నుండి పూర్తిగా తొలగించారు. పాత పుస్తకాలలో అది కనిపిస్తే దాని స్థానంలో, కొలతను తీసుకునే ‘ఎఫ్‌గెట్స్’ వాడండి.

తెలుగు కారణంగా వార్తలకెక్కిన ఒక సంఘటన కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో కూడిన ఒక తెలుగు గుర్తుల వరుస సందేశంలో వస్తే ఐఫోన్లలోని కొన్ని అప్లికేషన్లు ఆగిపోయేవి. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దానిని సరిదిద్దింది. అక్షరాలను తెరపై అమర్చే భాగంలో మెమరీ పాడయ్యే లోపం ఉందని తన ప్రకటనలో చెప్పింది. అది నకలు చేయడంలోని తప్పు కాదు. కాని బయటి నుండి వచ్చిన స్ట్రింగు మనం ఊహించిన రూపంలోనే ఉంటుందని నమ్మరాదన్న విషయం రెండింటికీ వర్తిస్తుంది. ఒక్క తెలుగు అక్షరం అంత పెద్ద సంస్థ ఫోన్లను ఆపిందని కొందరు నవ్వుకున్నారు. తప్పు అక్షరానిది కాదు.

14.5 కొలత అడిగే ఫంక్షన్లు

‘స్టర్‌ఎన్‌కాపీ’ పేరు చూసి చాలామంది మోసపోతారు. ఇది మూడో విలువగా ఒక సంఖ్యను తీసుకుని, అంతకు మించి ఒక్క బైటు కూడా రాయదు. అంతవరకు బాగానే ఉంది. కాని మూలం ఆ సంఖ్య కంటే చిన్నది కాకపోతే ముగింపు గుర్తు పెట్టదు. మన పట్టీలో 24 అని చెప్పి ‘వెంకటేశం’ను నకలు చేస్తే 24 బైట్లూ నిండుతాయి, ముగింపు ఉండదు. మీటర్లు భద్రం. కాని పేరును ముద్రించినపుడు యంత్రం 0 కోసం వెదుకుతూ మీటర్ల గడులలోకి పోతుంది. అక్కడి 44 అనే బైటు కామా గుర్తుకు సంకేతం. కాబట్టి పేరు చివర కామా, దాని తరువాత కనబడని మరొక గుర్తు వస్తాయి. మూలం చిన్నదైతే మిగిలిన గడులన్నిటినీ ఇది 0లతో నింపుతుంది కూడా.

ఇటువంటి వింత ఫంక్షన్ ఎందుకు వచ్చింది? పాత యూనిక్స్‌లో ఫైలు పేరుకు సరిగ్గా 14 బైట్ల స్థలం ఉండేది. పేరు 14 నిండితే ముగింపు గుర్తు అక్కరలేదు. తక్కువైతే 0లతో నింపాలి. ఆ పనికి ఇది చక్కగా అమరింది. దానిని భద్రమైన స్టర్‌కాపీగా అనుకోవడం మన తరువాతివారు చేసిన పని.

‘స్టర్‌ఎల్‌కాపీ’ని టాడ్ మిల్లర్, థియో డి రాట్ రూపొందించగా 1998లో ఓపెన్‌బీఎస్‌డీలో వచ్చింది. దీనికి పెట్టె మొత్తం కొలతను ఇవ్వాలి. కొలత 0 కానంతవరకు ముగింపు గుర్తును తప్పక పెడుతుంది. పట్టనిదానిని వదిలేస్తుంది. మూలం పూర్తి పొడవు ఎంతో మనకు తిరిగి చెబుతుంది. ‘వెంకటేశం’ విషయంలో అది 24 అని చెబుతుంది (ముగింపు గుర్తును లెక్కించదు). పెట్టె కూడా 24. పట్టిందా? పట్టలేదు. తిరిగి వచ్చిన సంఖ్య పెట్టె కొలతకు సమానమైనా, ఎక్కువైనా పట్టలేదని అర్థం. ‘ఎక్కువైతే’ అని మాత్రమే రాసేవారు సరిగ్గా వెంకటేశం దగ్గర తప్పుతారు.

చాలా కాలం లినక్స్‌లోని గ్లిబ్‌సి గ్రంథాలయంలో ఇది లేదు. 2023లో 2.38వ రూపంలో చేర్చారు. దీనికీ ఒక లోపం ఉంది. పొడవు చెప్పడం కోసం మూలాన్ని చివరిదాకా చదువుతుంది. మూలంలో ముగింపు గుర్తు లేకపోతే అది కూడా దారి తప్పుతుంది. అందువల్ల లినక్స్ కెర్నల్‌లో 2015లో ‘స్టర్‌ఎస్‌కాపీ’ని తెచ్చారు. పట్టకపోతే అది రుణ సంఖ్యను తిరిగి ఇస్తుంది. 2024లో స్టర్‌ఎల్‌కాపీని కెర్నల్ నుండి తీసివేశారు. మీరు సాధారణ ప్రోగ్రాములు రాసేవారైతే, 1999 ప్రమాణంలో ఉన్న ‘ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్’ కూడా సరిపోతుంది. దాని నియమం కూడా ఇదే: తిరిగి వచ్చిన సంఖ్య కొలతకు సమానమైనా ఎక్కువైనా పట్టలేదు. తప్పు జరిగితే రుణ సంఖ్య వస్తుంది, దానిని కూడా చూసుకోండి. అయితే బయటి నుండి వచ్చిన పేరును దాని నమూనా స్థానంలో ఎన్నడూ పెట్టకండి. నమూనాగా శాతం గుర్తు, ఎస్ ఇచ్చి, పేరును దాని తరువాతి విలువగా ఇవ్వాలి.

కొలతను చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. అర్రే ప్రకటించిన ఫంక్షన్‌లోనే ఉంటే ‘సైజాఫ్’ 24 అని సరిగా చెబుతుంది. అదే అర్రేను మరొక ఫంక్షన్‌కు పంపితే అక్కడికి చేరేది దాని చిరునామా మాత్రమే. అక్కడ సైజాఫ్ అడిగితే చిరునామా కొలతను, అంటే 64 బిట్ల యంత్రంలో 8ని చెబుతుంది. కనుక పెట్టెను పంపినపుడు కొలతను కూడా వెంట పంపండి.

ఇక విరిగిన అక్షరం. స్టర్‌ఎల్‌కాపీ ‘వెంకటేశం’లో 23 బైట్లు ఉంచుతుంది. అందులో ‘వెంకటేశ’కు 21 పోగా, చివరి సున్న తాలూకు మూడు బైట్లలో రెండు మిగులుతాయి. తెరపై అవి ప్రశ్నార్థకంగానో ఖాళీ గడిగానో కనిపిస్తాయి. దీనిని సరిచేయడం కష్టం కాదు. ముగింపు పెట్టదలచిన గడి సంఖ్య 23 కదా. మూలంలో ఆ సంఖ్య గల బైటు 128కీ 191కీ మధ్య ఉంటే ఒక గడి వెనక్కు రండి. 23లో 130, వెనక్కు. 22లో 176, వెనక్కు. 21లో 224, ఇది ఒక గుర్తుకు మొదలు. 0ను గమ్యంలో 21వ గడిలో పెట్టండి.

14.6 పట్టకపోతే ఏమి చేయాలి?

అక్షరం విరగకుండా కోశాము. మెమరీ భద్రం. మరి పేరు? ‘లక్ష్మీనారాయణ’ను 24 బైట్ల పెట్టెకు ఇదే పద్ధతిలో కోస్తే మిగిలేది ‘లక్ష్మీ’. అక్షరక్రమంలో తప్పులేని పూర్తి పేరు, కాని వేరొకరిది. అదే షెడ్డులో కండెలు చుట్టే లక్ష్మీ అనే కార్మికురాలు ఉంటే, పట్టీలో ఇద్దరు లక్ష్మీలు అవుతారు. ఎవరి కూలి ఎవరికి?

ఈ ప్రశ్నకు ఏ ఫంక్షనూ జవాబు చెప్పదు. పట్టలేదని మాత్రమే చెబుతుంది. మా అభిప్రాయంలో, మనిషి హక్కుకు ఆధారమయ్యే పేరును కోయనే కూడదు. కూలి పట్టీ, బ్యాంకు ఖాతా, పరీక్ష హాల్‌టిక్కెట్టు ఇటువంటివి. పేరు పట్టలేదని గుమాస్తాకు తెరపై చెప్పి, పాత విలువను అలాగే ఉంచి, నమోదును నిరాకరించాలి. ఆ తరువాత పెట్టెను పెద్దది చేయాలి. గుజరాత్‌లో దరఖాస్తులు పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ అడుగుతాయి. మనవారి పేర్లు అక్కడ ఇంకా పొడవవుతాయి. తెరపై ఇరుకు వరుసలో చూపడానికి మాత్రం కోయవచ్చు. అసలు పేరు పూర్తిగా వేరే చోట ఉంటుంది కదా.

ఫైలు పేర్లను కూడా కోయరాదు. కోసిన పేరుతో మరొక ఫైలు ఉంటే దాని మీద రాసివేస్తారు.

పేరు ఎంత ఉంటే అంత స్థలం అప్పటికప్పుడు తీసుకోవడం మరొక మార్గం. పొడవును కొలిచి, దానికి 1 కలిపి, అంత స్థలం అడగాలి. స్థలం దొరికిందో లేదో చూసుకుని, ఆ తరువాత నకలు చేయాలి. ఆ 1 కలపడం మరిస్తే ఏమవుతుందో మీరు వెంకటేశం దగ్గర చూశారు.

పాఠంలోని ప్రశ్నలు 14.2
3. వెంకటేశం 520 మీటర్లు నేసి ఉంటే, స్టర్‌కాపీ తరువాత పట్టీలో ఎంత కనిపిస్తుంది? 512 నేసి ఉంటే?
4. ‘లక్ష్మీనారాయణ’ను 24 బైట్ల పెట్టెలోకి స్టర్‌ఎల్‌కాపీతో నకలు చేస్తే తిరిగి వచ్చే సంఖ్య ఎంత?
5. ‘సూరత్’ను 15 బైట్ల పెట్టెలో, గుర్తు విరగకుండా కోసి పెట్టాలి. ముగింపు గుర్తు ఏ సంఖ్య గల గడిలో వస్తుంది? ఏ మాట మిగులుతుంది?

కృత్యం: మీ రేషన్ కార్డులో గాని, బ్యాంకు పుస్తకంలో గాని ఉన్న మీ పూర్తి పేరును తెలుగులో రాసి, గుర్తులను లెక్కించి, ఎన్ని బైట్ల పెట్టె కావాలో కనుక్కోండి. ఇంటిపేరుకు, పేరుకు మధ్య ఖాళీకి ఒక్క బైటే చాలు. అదే పేరును 24 బైట్లకు కోస్తే ఏమి మిగులుతుందో గళ్ళ కాగితం మీద చూడండి. మీ ఇంట్లోని ఇద్దరి పేర్లు ఒకటే అయిపోతాయేమో గమనించండి.

జవాబులు

1. ర, దీర్ఘం, జ, ఏత్వం, శ, సున్న: 6 గుర్తులు. 18 బైట్లు, ముగింపుతో 19.

2. పట్టదు. 15 బైట్లూ అక్షరాలకే సరిపోతాయి. ముగింపు గుర్తుకు 16వ బైటు కావాలి.

3. 520 అంటే రెండు 256లు, మరొక 8. మొదటి గడిలోని 8 పోతుంది కనుక 512 కనిపిస్తుంది. 512 నేసి ఉంటే మొదటి గడిలో ముందే 0 ఉంది. కనుక అంకె మారదు, తప్పు జరిగినట్లు ఎవరికీ తెలియదు. ప్రోగ్రామును ఒకే ఒక అంకెతో పరీక్షించి సరిగా ఉందని అనుకోరాదు.

4. 39. ఇది 24 కంటే ఎక్కువ కనుక పేరు పట్టలేదు.

5. 14వ సంఖ్య గల గడి దగ్గర మూలంలో 141, 13లో 177 ఉన్నాయి. రెండూ 128, 191ల మధ్యవి. 12లో 224 ఉంది. కనుక ముగింపు గుర్తు 12వ సంఖ్య గల గడిలో వస్తుంది. పొల్లు పోయి ‘సూరత’ మిగులుతుంది.